పెట్టెలో రాని భాగాలు

ప్లాస్టిక్ విమానం మోడల్ కిట్ పెట్టె తెరిస్తే ఫ్రేములకు అతుక్కుని ఉన్న బూడిద రంగు ముక్కలు, ఒక డెకాల్ షీటు, మడతపెట్టిన సూచనల కాగితం కనిపిస్తాయి. ఓపికుంటే రెండు ఆదివారాల్లో విమానం నిలబడుతుంది. దాన్ని తీసుకెళ్లి అసలు విమానం ఫొటో పక్కన పెట్టిన క్షణం నుంచి తిప్పలు మొదలు. సీటుకు బెల్టులుండవు. చక్రాలు లోపలికి ముడుచుకునే గుంత ఖాళీ సబ్బుపెట్టెలా ఉంటుంది. తుపాకీ గొట్టానికి రంధ్రమే ఉండదు. రెక్క వెనకంచు చెక్క స్కేలంత మందం.

ఈ లోట్లు తీర్చడానికి కిట్ చేసిన కంపెనీ కాకుండా వేరేవాళ్లు విడిగా అమ్మే భాగాలనే ఆఫ్టర్‌మార్కెట్ భాగాలంటారు. బండి కొన్నాక క్రాష్ గార్డు, సీటు కవరు బయట వేయించుకోమా, అదే లెక్క. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో స్టాటిక్ మోడల్ చేసినవాళ్లకు ఈ సంగతి కొంత తెలిసే ఉంటుంది. మిగతావాళ్ల కోసం మొదటి నుంచి చెప్తా, ఎందుకంటే ఇందులో మన సిలబస్సే సగం ఉంది.

కిట్ కంపెనీ బద్ధకించి ఆ బెల్టులు, ఆ పైపులు వదిలేసిందనుకుంటాం. కాదు. ఇంజెక్షన్ మోల్డింగ్ చదివినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. ఉక్కు అచ్చు రెండు చెక్కలుగా ఉంటుంది, తిన్నగా తెరుచుకుంటుంది. తెరుచుకునేటప్పుడు ముక్క అడ్డుపడకూడదు కాబట్టి పక్కలకు లోతులు, కొక్కేల్లాంటి ఆకారాలు కుదరవు. ప్రతి గోడకూ కాస్త వాలు ఉండాలి. పైగా కరిగిన ప్లాస్టిక్ మరీ సన్నటి సందుల్లోకి పారదు. రెక్క అంచు అర మిల్లీమీటరు ఉందనుకోండి. 1/72 స్కేలులో దాన్ని 72తో గుణించండి: 36 మిల్లీమీటర్లు. అసలు విమానానికి రెక్క చివర అంత మందం ఉంటే అది ఎగిరేది కాదు, తలుపు చెక్కయ్యేది. రెండు రేకులు కలిసే గీత కూడా అంతే. నిజంలో మిల్లీమీటరు ఉండే సందు స్కేలులో 0.014 మిల్లీమీటరు కావాలి. కిట్‌లో 0.1 కన్నా సన్నగా చెక్కడం అరుదు. అంటే మనం చూస్తున్నది 7 మిల్లీమీటర్ల కాలువ! కన్ను దాన్ని క్షమిస్తుంది, ఎందుకో మరి. రెక్క అంచును మాత్రం క్షమించదు.

అక్కడ ఇత్తడి పనికొస్తుంది. ఫొటో ఎచింగ్ పద్ధతిలో చేసిన ఇత్తడి రేకు 0.1 మిల్లీమీటరు మందంలో దొరుకుతుంది. స్కేలులో అది 7 మిల్లీమీటర్లు, నమ్మదగ్గ మందం. సీటు బెల్టులు, బకిల్స్, పెడల్స్, గాలి లోపలికి పోయే జాలీలు అన్నీ ఇలాంటి రేకులోనే వస్తాయి. చేసే విధానం మన ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పీసీబీ చేసిన విధానమే. రేకుకు రెండువైపులా కాంతికి స్పందించే పూత వేసి, నెగెటివ్ పెట్టి అల్ట్రావయొలెట్ వెలుగు చూపించి, డెవలప్ చేసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో వదిలేస్తారు. పూత లేని చోటల్లా లోహం కరిగిపోతుంది. ఒకవైపు నుంచే కరగనిస్తే సగం లోతు గాడి పడుతుంది. అదే మడత గీత. అగ్గిపెట్టె అట్ట మడిచినట్టు ఆ గీతల మీద మడిస్తే చదునైన రేకు డబ్బా అవుతుంది.

"అరేయ్, గోరంత ఇత్తడి ముక్కకు గన్ని పైసలా?" అని హాస్టల్లో ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని సెట్ల ధర కిట్ ధరలో సగం దాకా పోతుంది. విదేశాల నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ అదనం. జనగామలోనో మానుకోటలోనో భూపాలపల్లిలోనో ఉన్నవాడికి నడిచివెళ్లి కొనే దుకాణం లేదు, ఆన్‌లైనే గతి. కానీ ఇత్తడితో ఎలా మెలగాలో నేర్చుకోవడానికి మాత్రం జనగామ జిల్లా కన్నా మంచి చోటు లేదు. పెంబర్తి మన పక్కనే ఉంది. అక్కడి కళాకారులు ఇత్తడి, రాగి రేకులను లక్క మీద బిగించి ఉలితో, సుత్తితో నగిషీ తీస్తారు. కొట్టేకొద్దీ రేకు గట్టిపడుతుంది, ఇంకా కొడితే పగులుతుంది, కాబట్టి మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. మెటలర్జీలో అనీలింగ్ అని మనం రెండు మార్కులకు రాసేది ఇదే. మోడల్ బెల్టును సీటు ఒంపుకు తగ్గట్టు వంచాలన్నా ఇదే సూత్రం. కొవ్వొత్తి మంట మీద ఒక్క క్షణం చూపిస్తే తీగలా మెత్తబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే 0.1 మిల్లీమీటరు రేకు మీ కళ్లముందే ముడుచుకుపోతుంది.

రెండో రకం రెజిన్ భాగాలు. ఇక్కడ అచ్చు ఉక్కుతో కాదు, సిలికాన్ రబ్బరుతో చేస్తారు. రబ్బరు సాగుతుంది కాబట్టి పక్క లోతులున్నా ముక్క ఊడొస్తుంది. అందుకే మొత్తం కాక్‌పిట్, ఇంజిన్, చక్రాల గుంత రెజిన్‌లో అద్భుతంగా వస్తాయి. పోసిన రెజిన్‌లో బుడగలు మిగలకుండా వాక్యూమ్‌లోనో ప్రెషర్ పాత్రలోనో పెడతారు. గట్టిపడేటప్పుడు అది కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి కొన్న కాక్‌పిట్ కిట్ బాడీలో కాస్త వదులుగానో వంకరగానో కూర్చుంటే ఆశ్చర్యపోకండి. రెజిన్‌ను కోసేటప్పుడు, రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇప్పుడు ఈ పనిని త్రీడీ ప్రింటర్లు లాగేసుకుంటున్నాయి. రెజిన్ ప్రింటర్ పొర 0.05 మిల్లీమీటరు, అంటే 1/72లో 3.6 మిల్లీమీటర్లు. సీటు మీద కుట్లు కనిపించేంత కాకపోయినా దగ్గరదగ్గర.

లేత్ మీద తిప్పిన లోహపు గొట్టాల గురించి ఒక్క మాట. మిగ్-21 ముక్కు దగ్గర పొడుగ్గా ఒక కడ్డీ ఉంటుంది, గాలి వేగం కొలిచే పిటో గొట్టం. ప్లాస్టిక్‌ది మోడల్ పూర్తయ్యేలోపు కనీసం ఒక్కసారైనా విరుగుతుంది. పోలండ్‌లో మాస్టర్ అనే సంస్థ ఇలాంటివి ఇత్తడితో చేస్తుంది. చెక్ దేశంలో 1989లో మొదలైన ఎడ్వార్డ్, అక్కడిదే ఏరెస్, అంతకు ముందు బెల్జియంలోని వెర్లిండెన్ ఈ రంగంలో పెద్ద పేర్లు. అన్నిట్లోకీ చవకైన మార్పు డెకాల్స్. నీళ్లలో నానబెట్టి జార్చి అంటించే ఆ సన్నటి బొమ్మలు మారిస్తే అదే విమానం దేశం మారుతుంది, దళం మారుతుంది.

అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

సరైనదని ఎవరు చెప్పాలి?

డెకాల్ షీటు మీద భారత వాయుసేన గుర్తులున్నాయని కొని, చేతికి దొరికిన నాట్ విమానం మీద అంటించేవాళ్లు చాలామంది. 1965 యుద్ధంలో సేబర్ జెట్లను కూల్చి పేరు తెచ్చుకున్న నాట్ ఒక్క సీటు విమానం. బజార్లో తేలిగ్గా దొరికే ఎయిర్‌ఫిక్స్ నాట్ మాత్రం బ్రిటిష్ శిక్షణ విమానం, రెండు సీట్లది. సీటొక్కటే తేడా అయితే సర్దుకోవచ్చు. శిక్షణ రకం పొడవు 9.68 మీటర్లు, రెక్కల వెడల్పు 7.32. యుద్ధ రకం పొడవు 8.74, వెడల్పు 6.73. 1/72లో లెక్కేస్తే పొడవులో 13 మిల్లీమీటర్లు, వెడల్పులో 8 మిల్లీమీటర్లు తేడా. చేతిలో పట్టే విమానానికి అది చాలా ఎక్కువ. మార్పిడి సెట్టు కొనాలా, రంపం పట్టాలా, స్పెషల్ హాబీ వాళ్ల ఒక్క సీటు కిట్టే తెప్పించుకోవాలా అన్నది తర్వాతి మాట. ముందు ఆ తేడా ఉందని తెలియాలి. దాన్ని చెప్పేదే రిఫరెన్స్: ఫొటోలు, కొలతలతో గీసిన బొమ్మలు, పుస్తకాలు, వీటన్నిటికీ పైన అసలు విమానం.

భాగం కొనడం డబ్బుతో అయ్యే పని. ఆ భాగం సరైనదా కాదా తేల్చుకోవడం డబ్బుతో కాదు. అమెరికా, బ్రిటన్, జర్మనీ విమానాలైతే ప్రతి బోల్టుకూ ఫొటో ఉన్న పుస్తకాలున్నాయి. మన విమానాలకు అంత లేదు. యుద్ధ చరిత్ర కావాలంటే పి.వి.ఎస్. జగన్ మోహన్, సమీర్ చోప్రా కలిసి 1965 వాయుయుద్ధం మీద రాసిన పుస్తకం ఉంది, 2005లో వచ్చింది. ఏ దళం ఎక్కడ ఏ విమానంతో పోరాడిందో తెలుస్తుంది. కానీ చక్రాల గుంత లోపల ఏ రంగు వేశారో యుద్ధ చరిత్రలు చెప్పవు. అది వాటి పని కాదు.

రిఫరెన్స్‌ను ఎలా చదవాలో నేర్పడానికి నా దృష్టిలో ఒక్క విమానం చాలు. దాని మీద మన పేరే ఉంది.

హైదరాబాద్ 12ఏ

మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేన 110వ దళానికి డీహెచ్.9ఏ బాంబర్లు సమకూరాయి. అందుకే దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్నారు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అప్పుడు నిజాం ఇలాకాలోనివే. మన ముత్తాతలు కట్టిన శిస్తు ఆ రెక్కల గుడ్డలో ఒక్క బెత్తెడైనా ఉండకపోతుందా అని నాకొక అనుమానం. ఆ విమానాల్లో ఎఫ్1010 నంబరుది 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రువులకు చిక్కింది. బాడీ పక్కన నిజాం బహూకరణ అని, హైదరాబాద్ 12ఏ అని రాసి ఉన్న ఆ విమానాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో అది పోలండ్‌కు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండ్‌కు ఇచ్చి, బదులుగా దీన్ని బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం తెచ్చుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మోడల్ చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి, అసలు విమానమే నిలబడి ఉందిగా అనిపిస్తుంది. కానీ లండన్ చేరినప్పుడు దానికి రెక్కలు లేవు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసేవి తర్వాత కొత్తగా కట్టినవి. కాబట్టి కాక్‌పిట్ చుట్టూ ఉన్న చెక్క, తీగలు, 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజిన్ అమరిక చూడాలంటే ఆ ఫొటోలు గొప్ప సాక్ష్యం. రెక్క మీద గుడ్డ కుట్లు ఎంత దూరంలో ఉన్నాయో, గుర్తు ఏ సైజులో ఉందో చూడాలంటే 1918 నాటి నలుపు తెలుపు ఫొటోలే దిక్కు. ఒకే విమానంలో సగం సాక్షి, సగం ఆ సాక్షి చెప్పింది విని రాసిన కాగితం. భాగాలు చేసే కంపెనీ ఈ తేడా పట్టించుకోకపోతే తప్పు ఇత్తడిలో ముద్రపడిపోతుంది, మనం డబ్బిచ్చి మరీ దాన్ని అతికించుకుంటాం.

న్యూజిలాండ్‌కు చెందిన వింగ్‌నట్ వింగ్స్ ఈ రకం విమానాన్ని 1/32లో చేసింది. అసలు రెక్కలు 14 మీటర్లు కాబట్టి మోడల్ దాదాపు 44 సెంటీమీటర్లు, హాస్టల్ టేబుల్ సగం పోతుంది. 2020లో ఆ కంపెనీ మూతపడ్డాక పెట్టెల రేట్లు కొండెక్కాయి. అంత పెట్టలేనివాళ్లకు మన పేరుతోనే ఇంకో దారి ఉంది, 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్. ఆ దళం ముద్రలో నిజాం తలపాగా ఉంటుంది. బర్మా యుద్ధంలో వాళ్ల మార్క్ 8 స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న చిరుత బొమ్మ వేసుకున్నారు. జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడితో పొరబడకుండా ఆ ప్రాంతంలో బ్రిటిష్ గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు. కాబట్టి యూరప్ స్పిట్‌ఫైర్ కిట్‌తో వచ్చే డెకాల్స్ దీనికి పనికిరావు. మార్క్ 9 కిట్ కొని ఇది అదే కదా అనుకోకండి. మార్క్ 8కి తోక చక్రం లోపలికి ముడుచుకుంటుంది, మామూలు మార్క్ 9కి బయటే ఉంటుంది.

మన దగ్గర నిలబడి ఉన్నవి

ఇప్పుడు మన కాలానికి వద్దాం. మిగ్-21 విమానాలు వాయుసేనలోకి 1963లో వచ్చి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్నాయి. హెచ్‌ఏఎల్ వీటి బాడీ నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, ఏవియానిక్స్ మన హైదరాబాద్ బాలానగర్‌లో తయారుచేసింది. బాలానగర్ విభాగం 1965లో పుట్టిందే అందుకు. అంటే కాక్‌పిట్‌లో ఎడ్వార్డ్ వాళ్లు రంగులతో అచ్చేసి అమ్మే ఆ డయల్ ప్యానెల్ వెనకున్న సరుకులో మన బాలానగర్ చేతిపని ఉంది.

మిగ్-21 అని పెట్టె మీద ఉంటే సరిపోదు. మనవాళ్లు టైప్ 77 అని పిలిచిన ఎఫ్ఎల్ రకానికి లోపల తుపాకీ లేదు, కడుపు కింద విడిగా తగిలించేవారు. రెక్కల కింద తగిలింపులు రెండే. టైప్ 96కి నాలుగు. బిస్ రకానికి వీపు లావు. దాన్ని ఆధునికీకరించిన బైసన్‌కు ముందు అద్దం మూడు ముక్కలుగా కాకుండా చుట్టూ తిరిగిన ఒకే అద్దం. బిస్ కిట్ కొని బైసన్ డెకాల్స్ అంటిస్తే ఆ అద్దమే పట్టించేస్తుంది.

రిటైరైన విమానాలు దేశంలో చాలా చోట్ల కూడళ్లలో, క్యాంపస్‌లలో, మ్యూజియాల్లో నిలబెట్టి ఉన్నాయి. వాటితో ఒక ఇబ్బంది ఉంది. ఏ పండక్కో కొత్తగా పెయింట్ వేస్తారు, దొరికిన రంగు వేస్తారు. రెక్క మీద ఇక్కడ అడుగు పెట్టకు, ఇక్కడ ఇంధనం పోయి అని ఉండే చిన్న అక్షరాలు దాని కింద పోతాయి. త్రివర్ణ వలయంలో కాషాయం నారింజ అవుతుంది. లోపల ఆకుపచ్చ, బయట కాషాయం ఉండాల్సిన వరస తారుమారైనా అడిగేవాడుండడు. కాక్‌పిట్ చాలాసార్లు ఖాళీ. అయినా ఆకారం మాత్రం అబద్ధం చెప్పదు. చక్రం, చక్రాన్ని పట్టిన కాలు, తలుపుల మందం, రివెట్ల వరస అసలువే.

విశాఖ ఆర్‌కే బీచ్‌లో ఉన్న టీయూ-142 ఇంకా మంచి ఉదాహరణ. 1988 నుంచి 2017 దాకా నేవీలో పనిచేసి, అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియం అయింది. లోపలికి కూడా వెళ్లొచ్చు. మానుకోట నుంచి రాత్రి రైలెక్కితే పొద్దునకు విశాఖలో ఉంటాం. జనగామ వాళ్లకూ రైలుంది, భూపాలపల్లి వాళ్లు మాత్రం ముందు వరంగల్‌కు బస్సెక్కాలి. ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు రెక్కలు. మొత్తం 32. కిట్‌లో ఈ రెక్కల మెలికే ఎక్కువగా తప్పు పడేది. అక్కడికి వెళ్లినవాళ్లంతా దాని ముందు సెల్ఫీ దిగుతారు. మీరు సెల్ఫీ దిగాక ప్రొపెల్లర్ మొదలు దగ్గరికి వెళ్లి పది ఫొటోలు తీయండి.

తీసే పద్ధతి కూడా ఇంజినీరింగే. ఆకారం కోసం తీసే ఫొటో దగ్గర్నుంచి తీస్తే పనికిరాదు. 5 మీటర్ల దూరంలో నిలబడితే మీకు ఒక మీటరు దగ్గరగా ఉన్న భాగం 25 శాతం పెద్దగా పడుతుంది. 30 మీటర్లు వెనక్కి వెళ్లి జూమ్ చేస్తే అదే తేడా మూడున్నర శాతం లోపే. విమానానికి సరిగ్గా లంబంగా నిలబడండి. పది సెంటీమీటర్లకు ఒక నల్ల పట్టీ, ఒక తెల్ల పట్టీ వేసిన కర్రను భాగం పక్కనే ఆనించండి, కొలత ఫొటోలోనే ఉంటుంది. రంగు కోసం తీసేటప్పుడు తెల్ల కాగితం ఒకటి ఫ్రేములో ఉంచండి. చిన్న వాటికి వెర్నియర్ వాడండి, ల్యాబ్ అన్నను మర్యాదగా అడిగితే ఇస్తారు. ఫోన్‌తో చుట్టూ తిరిగి వంద ఫొటోలు తీస్తే వాటి నుంచి త్రీడీ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే ఉన్నాయి. అక్కడి నుంచి మన ప్రింటర్‌కు ఒక్క అడుగు. అయితే వాయుసేన స్థావరాల్లో, రక్షణ సంస్థల ఆవరణల్లో అనుమతి లేకుండా కెమెరా తీయకండి. గేటు దగ్గరున్న విమానమైనా సరే, ముందు అడగండి.

పొగ మరకల కోసం విదేశీ కంపెనీలు చిన్న సీసాల్లో నల్ల పొడి అమ్ముతాయి. భూపాలపల్లి వాళ్లు అది కొనడం నాకు నచ్చదు. బొగ్గు నూరి, ఓణీ గుడ్డలో జల్లెడ పట్టుకుంటే సరి.

డెకాల్స్ ఇంట్లోనే ప్రింట్ చేసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. మామూలు ప్రింటర్ తెలుపు అచ్చేయలేదు. పారదర్శకమైన డెకాల్ కాగితం మీద త్రివర్ణ వలయం వేస్తే మధ్యలో తెలుపు ఉండాల్సిన చోట విమానం రంగే కనిపిస్తుంది. తెల్ల డెకాల్ కాగితం తీసుకుని వలయం అంచు దాకా కత్తిరించుకోవాలి. 1945లో హైదరాబాద్‌లో పుట్టి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా చేయాలని ఉన్నవాళ్లకు ఈ కిటుకు బాగా పనికొస్తుంది. డకోటా కిట్లు సులువుగా దొరుకుతాయి, ఆ కంపెనీ రాతలు మాత్రం పాత ఫొటోలు చూసి మనం గీసుకోవాల్సిందే.

చివరగా, మళ్లీ పెయింట్ వేసిన విమానం దగ్గరికి వెళ్తే మధ్యాహ్నం వెళ్లకండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఎండ రేకు మీద ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. కొత్త రంగు కింద పాత అక్షరాలు సన్నగా ఉబ్బి కనిపిస్తాయి. నంబరు, హెచ్చరిక రాతలు, ఒక్కోసారి పాత దళం గుర్తు కూడా. వెలుగు దిగేలోపు పావుగంట టైముంటుంది, ఫోన్ ఛార్జింగ్ ముందే చూసుకోండి.